ఎంబీబీఎస్ కష్టమా, పీజీ కష్టమా?

క్లుప్తంగా: ఎంబీబీఎస్‌లో బరువంతా చదువుది, పరీక్షలది. పీజీలో (ఎంబీబీఎస్ తర్వాతి మూడేళ్ల ఎండీ, ఎంఎస్ కోర్సులో) ఆ స్థానంలోకి రోగులు, నిద్రలేని డ్యూటీలు, సీనియర్ల కింద పని వచ్చి చేరతాయి. పని గంటలు లెక్కేస్తే క్లినికల్ పీజీయే (రోగులకు నేరుగా వైద్యం చేసే బ్రాంచులే) కష్టం, అందులో పెద్దగా వాదన లేదు. అయితే ఆ కష్టంలో కొంత భాగం నిజానికి ఎంబీబీఎస్ మిగిల్చిన బాకీ. ఎంబీబీఎస్ చివర ఆసుపత్రిలో పనిచేయాల్సిన హౌస్ సర్జన్సీ ఏడాది, పీజీ ప్రవేశ పరీక్ష అయిన నీట్ పీజీ చదువుకే ఖర్చయిపోవడంతో, అప్పుడు చేతికి రావాల్సిన పని పీజీ మొదటి ఏడాదికి వాయిదా పడుతోంది.

అంకెలు ఒక మాట మీద లేవు

నీట్‌లో సీటొస్తే చాలు, ఆ తర్వాత అంతా సాఫీయే అని చాలా ఇళ్లలో అనుకుంటారు. సీటొచ్చినవాళ్లకు ఫస్టియర్ గట్టెక్కితే చాలనిపిస్తుంది. హౌస్ సర్జన్లకు పీజీలో మంచి బ్రాంచి దొరికితే చాలనిపిస్తుంది. కాబట్టి ఏది ఎక్కువ కష్టం అని అడిగితే వచ్చే జవాబు, చెప్పే మనిషి ఏ మెట్టు మీద ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. అనుభవాలను పక్కనపెట్టి సర్వేలు చూద్దామంటే, అవి కూడా ఒకే వైపు చూపించవు.

జాతీయ వైద్య కమిషన్ ఏర్పాటు చేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై నివేదిక ఇచ్చింది. 25 వేలకు పైగా ఎంబీబీఎస్ విద్యార్థులు, 5 వేలకు పైగా పీజీలు ఆన్‌లైన్‌లో జవాబులిచ్చారు. తమకు మానసిక సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పినవాళ్లు ఎంబీబీఎస్‌లో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం. ఇక్కడితో ఆగితే ఎంబీబీఎస్సే ఎక్కువ నలిపేస్తోందనిపిస్తుంది. అదే నివేదికలో ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నవాళ్లు ఎంబీబీఎస్‌లో 16 శాతం ఉంటే, పీజీల్లో 31 శాతం ఉన్నారు. నిర్ధారణ తక్కువ, ప్రాణం మీదకు తెచ్చే ఆలోచనలు ఎక్కువ. దీనికి ఒక వివరణ ఉంది: నిర్ధారణ కావాలంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, అందుకు సమయం ఉండాలి. తాము పనిచేసే ఆసుపత్రిలోనే సైకియాట్రీ ఓపీలో లైన్‌లో నిలబడడానికి వెనకాడని పీజీలు తక్కువే. ఇష్టపడి జవాబిచ్చినవారి సర్వే ఇది కనుక శాతాలను అచ్చంగా దేశమంతటికీ అన్వయించకూడదు. రెండు వర్గాల మధ్య తేడా మాత్రం కొట్టిపారేసేంత చిన్నది కాదు.

అమెరికాలో, ఇతర దేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి చూసిన రెండు విశ్లేషణలు 2015, 2016లో వచ్చాయి. రెసిడెంట్లలో (మన పీజీల్లా ఆసుపత్రిలో శిక్షణ పొందే డాక్టర్లలో) డిప్రెషన్ లక్షణాలున్నవారు 28.8 శాతం, వైద్య విద్యార్థుల్లో 27.2 శాతం. దాదాపు సమానం. అమెరికాలో ఒకే బృందాన్ని ఇంటర్న్ ఏడాదికి (రెసిడెన్సీ మొదటి ఏడాదికి) ముందు, ఆ ఏడాది పొడవునా గమనించిన 2010 నాటి అధ్యయనం ఇంకో కోణం చూపింది. చేరకముందు 3.9 శాతం మందిలో ఉన్న డిప్రెషన్, పనిలో పడ్డాక సగటున 25.7 శాతానికి చేరింది. మనుషులు వాళ్లే, మారింది పని. కష్టం ఏ కోర్సులో ఉందన్నదానికంటే, ఒక దాని నుంచి ఇంకోదానికి మారే చోట ఎక్కువగా ఉందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మన దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. సమాచార హక్కు దరఖాస్తుకు జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన జవాబు ప్రకారం ఐదేళ్లలో 1,166 మంది వైద్య విద్యార్థులు చదువు మధ్యలో మానేశారు. అందులో ఎంబీబీఎస్ వాళ్లు 160 మంది, పీజీలు 1,006 మంది. అదే కాలంలో ఆత్మహత్య చేసుకున్నవారు 64 మంది ఎంబీబీఎస్, 55 మంది పీజీ. ఎంబీబీఎస్ విద్యార్థులు పీజీల కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఉంటారు కనుక, దాదాపు సమానంగా కనిపించే ఈ రెండు అంకెలు సమానం కావు. మానేసిన పీజీలందరూ కష్టం భరించలేకే మానేశారనడం కూడా సరికాదు. మరుసటి ఏడాది మంచి ర్యాంకుతో మెరుగైన బ్రాంచికి వెళ్లినవాళ్లూ అందులో ఉంటారు.

ఎంబీబీఎస్ ఎక్కడ తగులుతుంది

నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. 2025లో నీట్ రాసింది 22 లక్షల మంది, సీట్లు లక్షా ఇరవై వేలకు అటూఇటూ. అంటే చేరినవారిలో ఎక్కువమంది ఇంటర్‌లో క్లాసులో ముందున్నవాళ్లే. అలాంటి 150 మందినో, 250 మందినో ఒకే హాల్లో కూర్చోబెడితే సగం మంది క్లాసులో కింది సగంలో ఉండక తప్పదు. జీవితంలో మొదటిసారి సప్లిమెంటరీ రాయాల్సి రావడం చాలామందికి ఫస్టియర్‌లోనే ఎదురవుతుంది.

రెండో సమస్య పరీక్ష తీరు మారడం. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ బైపీసీ రెండేళ్లు, లాంగ్‌టర్మ్ అయితే మూడేళ్లో నాలుగేళ్లో, నాలుగు ఆప్షన్లలో ఒకటి పట్టుకోవడమే సాధన. ఎంబీబీఎస్‌లో అడుగుపెట్టగానే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీల్లో పేజీలకు పేజీలు రాయాలి, బొమ్మలు వేయాలి, ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని వైవా చెప్పాలి. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు సబ్జెక్టు తెలిసినా వైవాలో నోరు పెగలదు. ఆ తీరుకు అలవాటు పడి ఫైనలియర్ దాటేసరికి నీట్ పీజీ కోసం మళ్లీ నాలుగు ఆప్షన్లకు తిరిగి రావాలి.

నియమాలు కూడా కట్టుదిట్టంగా ఉంటాయి. మొదటి ప్రొఫెషనల్ పరీక్షకు (ఫస్టియర్ చివరి పరీక్షకు) నాలుగు అవకాశాలే. చేరిన తొమ్మిదేళ్లలోపు కోర్సు ముగించాలి. ఒక సబ్జెక్టులో పోతే బ్యాచ్ ముందుకు వెళ్లిపోతుంది. హాస్టల్ రూమ్మేట్లు సెకండియర్ వార్డుకు వెళ్తుంటే మళ్లీ అనాటమీ పుస్తకం తెరవాల్సిన పరిస్థితి మార్కుల షీటులో కనిపించని దెబ్బ.

ఇంత ఉన్నా ఎంబీబీఎస్‌కు కొన్ని రక్షణలు ఉన్నాయి. పాఠ్యప్రణాళిక వారానికి సుమారు 39 గంటల బోధన ప్రకారం ఉంటుంది. పరీక్షల ముందు నిద్ర తగ్గినా పరీక్షలయ్యాక తీరిపోతుంది. బ్యాచ్ మొత్తం ఒకే పరీక్ష రాస్తుంది కనుక కష్టం అందరిదీ. అన్నింటికంటే ముఖ్యం, తప్పు రాస్తే పోయేది రాసినవారి మార్కులే. మంచం మీద ఉన్న రోగికి ఏమీ కాదు.

పీజీ యూనిట్ నడిచే తీరు

ఆ రక్షణలన్నీ పీజీలో చేరిన మొదటి వారంలోనే పోతాయి. ఎందుకన్నది తెలియాలంటే ప్రభుత్వ బోధనాసుపత్రిలో యూనిట్ ఎలా పనిచేస్తుందో చూడాలి. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, ఎక్కడైనా మెడిసిన్, సర్జరీ, గైనిక్ లాంటి విభాగాలను యూనిట్లుగా విడగొడతారు. ఒక్కో యూనిట్‌కు ప్రొఫెసర్ చీఫ్, ఆయన కింద అసిస్టెంట్ ప్రొఫెసర్లు, సీనియర్ రెసిడెంట్ (పీజీ పూర్తిచేసిన డాక్టర్), తర్వాత పీజీ మూడో ఏడాది, రెండో ఏడాది, అట్టడుగున మొదటి ఏడాది, హౌస్ సర్జన్లు. వారంలో ఒకటో రెండో రోజులు ఆ యూనిట్‌కు ఓపీ, అడ్మిషన్ డే ఉంటుంది. ఆ రోజు క్యాజువాలిటీకి వచ్చి చేరే ప్రతి కేసూ ఆ యూనిట్‌దే.

అడ్మిషన్ డే ఉదయం మొదలైన మొదటి ఏడాది పీజీ రాత్రంతా కేసులు చూస్తారు, కేస్ షీట్లు రాస్తారు, రక్తం తీస్తారు, రిపోర్టుల వెంట తిరుగుతారు. తెల్లారితే చీఫ్ రౌండ్స్. ముందురోజు చేరిన ప్రతి రోగి గురించీ చెప్పాల్సింది ఆ పీజీయే. రౌండ్స్ అయ్యాక చీఫ్ చెప్పిన పనులుంటాయి, డిశ్చార్జులుంటాయి, సర్జరీ యూనిట్ అయితే ఆపరేషన్ థియేటర్ ఉంటుంది. అలా ఒక డ్యూటీ 30, 36 గంటలకు సాగుతుంది. ఎవరో ఒక మొండి ప్రొఫెసర్ పెట్టిన నియమం కాదిది. రాత్రి రోగిని చూసినవారే ఉదయం చెప్పాలి, చెప్పినవారే పని పూర్తిచేయాలి అన్న అమరికలోనే 36 గంటలు ఇమిడి ఉన్నాయి.

దీనికి తోడు, డాక్టర్ చేయనక్కర్లేని పని చాలా వరకు మొదటి ఏడాది పీజీ మీదే పడుతుంది. స్ట్రెచర్ తోసేవారు లేకపోతే స్కానింగ్‌కు రోగిని తీసుకెళ్లడం, బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తడం, ల్యాబ్‌లో శాంపిల్ అప్పజెప్పడం, ఆరోగ్యశ్రీ కాగితాలు నింపడం. కాగితం మీద ఇది శిక్షణ కాలం. గంటల్లో కొలిస్తే అందులో శిక్షణ ఎంతన్నది వేరే ప్రశ్న.

మూడో భారం మనుషులతో. రోగి పరిస్థితి విషమించినా, మందు బయట కొనమన్నా, వెంటిలేటర్ ఖాళీ లేకపోయినా రోగి బంధువుల ఎదుట కనిపించేది జూనియర్ డాక్టరే. 2020 జూన్‌లో గాంధీ ఆసుపత్రిలో కొవిడ్ వార్డు జూనియర్ డాక్టర్‌పై రోగి బంధువులు దాడి చేయడంతో జూడాలు (జూనియర్ డాక్టర్లు) ఆందోళనకు దిగారు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉన్న పీజీ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత తెలుగు రాష్ట్రాల్లోనూ ఓపీలు ఆగాయి. ఆ కేసు విచారణ సందర్భంగానే 36 గంటల డ్యూటీలు అమానుషమని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది.

ఇవన్నీ జరుగుతుండగానే చదువు కూడా సాగాలి. థీసిస్ పూర్తిచేయాలి, లాగ్‌బుక్ నింపాలి, మూడేళ్ల చివర నాలుగు థియరీ పేపర్లు రాయాలి, బయటి ఎగ్జామినర్ల ముందు రోగిని పరీక్షించి కేసు చెప్పాలి. ఎంబీబీఎస్‌లో చదువే పని. పీజీలో పనయ్యాక మిగిలిన సమయంలో చదువు.

డబ్బు విషయంలో మాత్రం పీజీ మెరుగు. తెలంగాణలో 2025లో పెంచిన స్టైపెండ్ ప్రకారం హౌస్ సర్జన్‌కు నెలకు 29 వేల పైచిలుకు, పీజీ మొదటి ఏడాదికి 67 వేలు. ప్రైవేటు కాలేజీల్లో పరిస్థితి వేరు, స్టైపెండ్ సరిగా ఇవ్వడం లేదన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఎంబీబీఎస్ పద్దెనిమిదేళ్లకు మొదలవుతుంది. పీజీ మొదలయ్యేది పాతికకు అటూఇటూ, పెళ్లి, పిల్లలు, అమ్మానాన్నల ఆరోగ్యం అన్నీ ముందుకొచ్చే వయసులో.

హౌస్ సర్జన్సీలో పోయిన ఏడాది

ఈ రెండు దశలనూ విడివిడిగా తూకం వేసే చర్చల్లో సాధారణంగా జారిపోయే విషయం ఇదే. హౌస్ సర్జన్సీ ఉన్నదే ఎంబీబీఎస్‌ నుంచి పూర్తి బాధ్యతకు నెమ్మదిగా మార్చడానికి. సీనియర్ల పర్యవేక్షణలో కాన్పులు చేయడం, కుట్లు వేయడం, క్యాజువాలిటీలో రోగిని మొదట చూడడం, చెడు వార్తను కుటుంబానికి చెప్పడం అప్పుడే నేర్చుకోవాలి.

నీట్ పీజీ వచ్చి సరిగ్గా ఆ ఏడాది మీద కూర్చుంది. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, తప్పుకు ఒక మార్కు కోత. రెండు లక్షలకు పైగా రాస్తారు, సీట్లు 70 వేలకు పైగా. అందులో అందరూ కోరే మెడిసిన్, రేడియాలజీ, డెర్మటాలజీ, పీడియాట్రిక్స్ ఇంకా తక్కువ. 2023లో పరీక్ష మార్చి 5న జరిగింది. హౌస్ సర్జన్సీ పూర్తిచేయడానికి ఇచ్చిన గడువు ఆగస్టు 11 దాకా ఉంది. అంటే చాలామంది హౌస్ సర్జన్సీ నడుస్తుండగానే పరీక్ష రాశారు. 2024లో జూన్ 23న జరగాల్సిన పరీక్షను ముందురోజు రాత్రి వాయిదా వేసి ఆగస్టు 11న పెట్టారు. తేదీలు ఇలా కదిలినప్పుడల్లా వార్డులో చేయాల్సిన పని ఇంకాస్త వెనక్కి పోతుంది.

హౌస్ సర్జన్ల కోణం నుంచి ఇందులో తప్పేమీ లేదు. ర్యాంకును నిర్ణయించేది వెయ్యి ఐవీ లైన్లు పెట్టిన చేయి కాదు, 200 ప్రశ్నలకు గుర్తొచ్చే జవాబులు. అందుకే డ్యూటీలు సర్దుకుని వీడియో పాఠాలు, ప్రశ్నల బ్యాంకుల ముందు కూర్చుంటారు. కొందరు హౌస్ సర్జన్సీ అయ్యాక కూడా ఒకటి రెండేళ్లు ఇంటిపట్టునే ఉండి చదువుతారు. అలా రోగులకు దూరమైనవారు సీటు రాగానే ఒక్కసారిగా 30 పడకల వార్డు మధ్యలో నిలబడతారు. పీజీ మొదటి ఆరు నెలలు అంత భయంకరంగా ఉండడానికి పని గంటలు ఎంత కారణమో, ముందే రావాల్సిన పని అప్పుడు నేర్చుకోవాల్సి రావడం కూడా అంతే కారణం.

దీనికి పరిష్కారంగా జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019లోనే నెక్స్ట్ (నేషనల్ ఎగ్జిట్ టెస్ట్) పరీక్షను ప్రతిపాదించింది. దాని మొదటి దశ హౌస్ సర్జన్సీకి ముందే జరిగి, ఫైనలియర్ పరీక్షగా, పీజీ ప్రవేశ పరీక్షగా ఒకేసారి పనికొస్తుంది. ర్యాంకు ముందే తేలిపోతే హౌస్ సర్జన్సీ ఏడాది వార్డుకే మిగులుతుంది. 2019 బ్యాచ్‌తో మొదలుపెడతామన్నారు. విద్యార్థుల నుంచి వ్యతిరేకత రావడంతో 2023 జులైలో వాయిదా వేశారు. వ్యతిరేకతకు కారణాలు ఉన్నాయి. ఒక్క పరీక్షలో డిగ్రీ, ర్యాంకు రెండూ పణంగా పెట్టడం ఎంబీబీఎస్ ఫైనలియర్‌ను ఇప్పటికంటే చాలా భారం చేస్తుంది. కష్టం ఫైనలియర్‌లో పెరిగి పీజీ మొదట్లో తగ్గుతుందన్నమాట.

గంటల మీద పరిమితి ఉంది, కాగితం మీద

రెసిడెంట్ల వరుస డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ 1992లోనే ఆదేశమిచ్చింది. 2023 డిసెంబరులో వచ్చిన పీజీ నిబంధనలు గంటల సంఖ్య చెప్పకుండా 'సమంజసమైన' పని గంటలు, వారానికో సెలవు అన్నాయి. 2024 టాస్క్‌ఫోర్స్ 74 గంటలకు మించొద్దని సిఫార్సు చేసింది. అదే నివేదికలో వారానికి 60 గంటలు దాటి పనిచేస్తున్నామన్న పీజీలు 45 శాతం, వారాంతపు సెలవు సరిగా దొరకడం లేదన్నవాళ్లు సగానికి పైగా. 48 నుంచి 74కు పరిమితి పెరగడమే చెబుతోంది, పాత ఆదేశాన్ని ఎంతమంది పాటించారో.

అమెరికా ఈ దారిలో ముందు నడిచింది. 1984లో న్యూయార్క్ ఆసుపత్రిలో 18 ఏళ్ల యువతి చనిపోయిన కేసులో అలసిపోయిన రెసిడెంట్ల విషయం బయటికొచ్చింది. ఆ రాష్ట్రం 1989లో గంటలకు పరిమితి పెట్టింది. 2003 నుంచి దేశమంతా వారానికి 80 గంటలు, అదీ నాలుగు వారాల సగటున. 2011లో ఇంటర్న్‌లకు వరుస డ్యూటీని 16 గంటలకు తగ్గించి, 2017లో మళ్లీ 24 గంటలకు పెంచారు. బ్రిటన్‌లో 2009 నుంచి పరిమితి 48 గంటలే. గంటలు తగ్గితే ఏమవుతుందన్నదానిపై ఆధారాలు కూడా కలగాపులగమే. ఐసీయూలో సుదీర్ఘ డ్యూటీ చేసే ఇంటర్న్‌లు తీవ్రమైన తప్పులు దాదాపు 36 శాతం ఎక్కువ చేశారని 2004లో ఒక అధ్యయనం తేల్చింది. తర్వాత 2016, 2019లో వచ్చిన పెద్ద పోలికల్లో పొడవాటి డ్యూటీలు ఉన్నచోట రోగుల మరణాలు పెరిగినట్టు కనిపించలేదు. డ్యూటీ చిన్నదైతే రోగిని ఒకరి నుంచి ఇంకొకరికి అప్పజెప్పడం పెరుగుతుంది, ఆ అప్పగింతలో సమాచారం జారిపోతుంది.

మన ఆసుపత్రుల్లో పరిమితి అమలు కాకపోవడానికి కారణం వేరు. రాత్రిపూట ఆసుపత్రిని నడిపేదే పీజీలు. 36 గంటల డ్యూటీని మూడు ముక్కలు చేయాలంటే మరింతమంది డాక్టర్లు కావాలి, స్టాఫ్ నర్సులు కావాలి, స్ట్రెచర్ తోసేవారు కావాలి. నియమానికి తగ్గ నియామకాలు జరగనంత కాలం విభాగాధిపతి ఎంత మంచివారైనా రోస్టర్ కుదరదు.

బ్రాంచిని బట్టి

పీజీ అంతా ఒకటే కాదు. అనాటమీ, బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ లాంటి నాన్ క్లినికల్ బ్రాంచుల్లో రాత్రి డ్యూటీలుండవు, ఎంబీబీఎస్ కంటే అవి శారీరకంగా తేలికే. అక్కడి బెంగ ఉద్యోగాల గురించి. ఈ సీట్లు మిగిలిపోవడం వల్లే 2023లో నీట్ పీజీ అర్హత పర్సంటైల్‌ను సున్నాకు తగ్గించారు. అనస్థీషియా, ఆర్థో, గైనిక్, జనరల్ సర్జరీలు అత్యంత భారం. సూపర్ స్పెషాలిటీ కావాలనుకునేవారికి ఎండీ, ఎంఎస్ తర్వాత నీట్ ఎస్ఎస్ అనే మరో ప్రవేశ పరీక్ష, ఇంకో మూడేళ్లు.

సీట్లు పెరిగితే ఏమవుతుంది

2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ప్రభుత్వ సంస్థల్లో 5,000 పీజీ, 5,023 ఎంబీబీఎస్ సీట్ల పెంపునకు ఆమోదం తెలిపింది. పడకలు అలాగే ఉండి పీజీలు పెరిగితే ఒక్కొక్కరి డ్యూటీ తగ్గాలి. సీట్లతో పాటు పడకలు, యూనిట్లు కూడా పెరిగితే తేడా ఉండదు. తెలంగాణలో జిల్లాకొకటి చొప్పున వచ్చిన కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీల లాంటివాటిలో పీజీ కోర్సులు స్థిరపడే వరకు వార్డు పని సీనియర్ రెసిడెంట్లు, హౌస్ సర్జన్లే మోయాలి. రోగులు తగినంతమంది వచ్చేచోట ఇది హౌస్ సర్జన్లకు ఒక విధంగా మేలే. పెద్దాసుపత్రిలో పీజీ వెనక నిలబడి చూసే పనిని ఇక్కడ వాళ్లే చేస్తారు. రోగులు రాని కాలేజీలో మాత్రం ఎంబీబీఎస్ ఇంకా పుస్తకాల చదువుగానే మిగిలిపోతుంది, బాకీ మరింత పెరుగుతుంది.

మానేసేవారి విషయంలో కూడా ఒక మార్పుకు ప్రయత్నం జరుగుతోంది. సీటు వదిలితే లక్షల్లో కట్టాల్సిన బాండ్ పీజీలను ఇరికిస్తోందని, దాన్ని ఎత్తేయాలని కమిషన్ 2024 జనవరిలో రాష్ట్రాలకు సూచించింది. సూచనే కనుక నిర్ణయం రాష్ట్రాలదే.

పీజీ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు బ్రాంచి, కాలేజీ పేరు, గత ఏడాది చివరి ర్యాంకు చూస్తారు. మూడేళ్లు ఎలా గడుస్తాయన్నది తేల్చే వివరాలు వేరే ఉన్నాయి. యూనిట్‌కు ఎంతమంది పీజీలు, వారానికి ఎన్ని అడ్మిషన్ డేలు, అడ్మిషన్ డే మరుసటి రోజు మధ్యాహ్నానికైనా వదులుతారా, రాత్రి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆసుపత్రిలో ఉంటారా, ఫోన్‌లో ఉంటారా. ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఇవి ఉండవు. ఆ విభాగంలో ప్రస్తుతం సెకండియర్ చేస్తున్న పీజీని అడిగితే తెలుస్తాయి.